కొయ్యూరు చెట్టు, కోహిమా కొండ

దీమాపూర్‌లో సుమో ఎక్కి ముందు సీటులో సర్దుకుంటుండగానే డ్రైవరు అడిగాడు, "ఫౌజీ?" అని. కాదన్నాను. "మరి, ఏఆర్?" అన్నాడు.

నవ్వొచ్చింది. ఏఆర్ అంటే నాకు మా చిన్న మావయ్యే. విశాఖపట్నం ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వులో, కానిస్టేబులుగా చేరి హెడ్డుగా రిటైరయ్యాడాయన. సర్వీసులో సగం చింతపల్లి, సీలేరు వైపు బందోబస్తుల్లోనే గడిచింది. స్టేషన్లో కూర్చుని ఎఫ్ఐఆర్ రాసిన పోలీసు కాదు, భుజాన తుపాకీ మోసిన పోలీసు. ఇంట్లో ఎవరైనా "పోలీసాయన" అంటే అత్తయ్య దిద్దేది: "పోలీసేంటి, మిలట్రీ కూలి."

డ్రైవరు అడిగిన ఏఆర్ వేరు. అది అస్సాం రైఫిల్స్. ఈ కొండల్లో చిన్నపిల్లల్ని అడిగినా వెళ్ళేది ఆర్మీ బండో ఏఆర్ బండో చెప్పేస్తారు. మనబోటి కొత్తవాళ్ళకే రెండూ ఒకలా కనిపిస్తాయి. సైనికుల్లా ఉంటారు, సైనికుల పనే చేస్తారు. ఆఫీసర్లలో ఎక్కువమంది సైన్యం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్ళే. జీతభత్యాల ఫైలు మాత్రం హోంశాఖలో ఉంటుంది. ఈ రెండు పడవల ప్రయాణం మొదలై దగ్గర దగ్గర రెండు వందల ఏళ్ళవుతోంది.

ఆ దళం కోసమే నేను ఇంత దూరం వచ్చాను. మాది నర్సీపట్నం వైపు. ఐదో తరగతిలో మాస్టారు మమ్మల్ని బస్సెక్కించి కృష్ణదేవిపేటకు తీసుకెళ్ళి అల్లూరి సీతారామరాజు సమాధి చూపించారు. సమాధి కన్నా ఆయన చెప్పిన పాఠంలో ఒక ముక్క నా బుర్రలో మేకులా దిగింది: రాజుగారిని పట్టుకోవడం చేతగాక తెల్లవాళ్ళు అస్సాం నుంచి సిపాయిల్ని దింపారు. అస్సాం ఎక్కడ, మా గూడెం కొండలెక్కడ! తర్వాత కాలేజీలో రెండో ప్రపంచ యుద్ధం చదువుతుంటే కోహిమా ముట్టడి పాఠంలో అదే పేరు మళ్ళీ కనిపించింది. అక్కడ వాళ్ళు జపాన్ సైన్యాన్ని ఆపిన వీరులు. మన కొండల్లో విలన్లు, వాళ్ళ కొండల్లో హీరోలు. ఒకే దళం. మధ్యలో సరిగ్గా ఇరవై ఏళ్ళు.

దీమాపూర్ నుంచి కోహిమా 74 కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేశారు గానీ కొండ ఇంకా ఒప్పుకున్నట్టు లేదు. పాగ్లా పహాడ్ అనే చోట, పేరుకు తగ్గట్టే, ఎప్పుడు ఏ బండ దొర్లుతుందో తెలియదు. డ్రైవరు అక్కడ పాట ఆపేసి, పైకి చూస్తూ, వేగం పెంచాడు. దాటాక మళ్ళీ పాట పెట్టాడు.

నాగాలాండ్‌లోకి రావాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఇప్పుడు ఆన్‌లైన్లో ఇస్తున్నారు. ఫోటో, ఆధార్, వచ్చిన పని, ఎన్ని రోజులు. ఈ కాగితానికి మూలం 1873 నాటి రెగ్యులేషన్. గీతకు ఇవతల టీ తోటలు, పన్నులు, కోర్టులు, అవతల కొండలు. ఇవతలి మనిషి అవతలికి పోవాలంటే చీటీ కావాలి. కొండవాళ్ళని కాపాడడానికే ఈ గీత అని ఒక వాదన. తోటల్ని కాపాడడానికి అని ఇంకొకటి. రెండూ నిజమే కావచ్చు. గీత గీశాక దాని మీద కాపలా కావాలి కదా. ఆ కాపలాదారే మన ఏఆర్.

నిజానికి కాపలాదారు గీత కన్నా ముందే పుట్టాడు. 1835లో కచార్ లెవీ అని 750 మందితో ఒక పటాలం లేపారు, మైదానంలోని ఊళ్ళ మీద కొండల నుంచి దాడులు జరగకుండా చూడడానికి. పేర్లు మార్చుకోవడంలో ఈ దళం మన సినిమావాళ్ళని మించింది. 1883లో అస్సాం ఫ్రాంటియర్ పోలీస్, 1891లో అస్సాం మిలిటరీ పోలీస్, 1913లో తూర్పు బెంగాల్, అస్సాం మిలిటరీ పోలీస్. చివరికి 1917లో అస్సాం రైఫిల్స్.

ఇక్కడ "మిలిటరీ పోలీస్" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఈ రోజుల్లో ఆ మాటకు అర్థం సైనికుల మీద అజమాయిషీ చేసే పోలీసు. ఆనాడు అర్థం అది కాదు, సైనికుల పని చేసే పోలీసు. బర్మాలో కూడా ఇలాంటి దళాలే ఉండేవి. సైన్యాన్ని కదపాలంటే సర్వసేనాని దాకా వెళ్ళాలి, ఖర్చు చూపాలి, యుద్ధం అని పేరు పెట్టాలి. యుద్ధం అంటే లండన్‌లో పార్లమెంటులో ఎవరో ఒకరు లేచి ప్రశ్న అడుగుతారు. పోలీసుకు ఆ తంటా లేదు. రాష్ట్రాన్ని ఏలే అధికారి చేతికింద ఉంటాడు, రాష్ట్రం ఖజానాలోంచే జీతం తీసుకుంటాడు, చవక కూడా. ఆఫీసరును సైన్యం నుంచి అరువు తెచ్చుకుంటే సరి. అవతల ఊరు తగలబడినా అది యుద్ధం కాదు, శాంతిభద్రతల పని.

జోత్సోమా దగ్గర డ్రైవరు బండి స్లో చేసి చేత్తో చూపించాడు. 1944లో ఇక్కడి కొండ వాలు నుంచే ఫిరంగులు కోహిమా మీదికి గుళ్ళు వేశాయి, తమవాళ్ళకి కొన్ని గజాల దూరంలో పడేంత గురి చూసి. "ఇక్కణ్ణుంచి అంత దూరమా?" అన్నాను. "కాకి ఎగిరితే దగ్గరే సార్, సుమోకే దూరం," అన్నాడు.

కోహిమా చేరేసరికి నాలుగున్నర. నవంబరులో ఆ వేళకే చీకటి. మాకు లంబసింగి చలి అంటే గొప్ప. ఇక్కడి చలి అంత గొప్పలు పోదు గానీ, వదలదు. దిగిన హోంస్టే ఒక ఆంగామీ నాగా ఆవిడది, అరవై దాటి ఉంటుంది. ఆంటీ అంటే పలికింది. వంటింట్లో పొయ్యి మీద కట్టిన అటకకు పంది మాంసం వేలాడదీసి పొగ పట్టిస్తున్నారు. పులియబెట్టిన సోయాతో చేసే ఆఖుని వేసి వండింది. వాసనకు మొదట వెనక్కి తగ్గాను, రెండో ముద్దకు మా వైపు ఎండుచేపల పులుసు గుర్తొచ్చింది. రాజా మిర్చి పచ్చడి వేసుకోబోతే ఆవిడే చెయ్యి పట్టి ఆపింది. గుంటూరు కారం తిన్న నోరండీ మాది అన్నాను. అయితే వేసుకోమంది. ఆ తర్వాతి పది నిమిషాలు వర్ణించను.

తిన్నాక ఆంటీ తన తాతగారి గురించి చెప్పింది. ఆయన 1944లో గాయపడ్డవాళ్ళని కొండ దింపిన మోతగాళ్ళలో ఒకరట. ఊరంతా అడవిలోకి పోయి తలదాచుకుంది. తిరిగొచ్చేసరికి ఇళ్ళ గుంజలు కూడా లేవు, ఆ ఏడాది వరి నాట్లు పడలేదు. మెట్ల దగ్గర బంతిపూల మొక్క ఉన్న కుండీ చూపించింది. కుండీ కాదు, ఇత్తడి ఫిరంగి గుండు తొడుగు. "పారాచూట్ గుడ్డతో మా నాన్నకు చొక్కాలు కుట్టారు. చాలా ఏళ్ళు చిరగలేదంట," అంది. ఏదో బట్టల కంపెనీని మెచ్చుకుంటున్నట్టు ఉంది ఆ మాట.

ఆ రాత్రి నేను తనకి మా కొండల కథ చెప్పాను. ఇక్కడా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు కొండలకూ లింకు అక్కడే ఉంది.

1879 మార్చిలో రంపలో పితూరి లేచింది. కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు, రంప మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం. తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందుండి నడిపించారు. అప్పుడు ఏజెన్సీలోకి దిగింది పోలీసులు మాత్రమే కాదు. మద్రాసు పదాతి దళాలు ఆరు, సాపర్లు, గుర్రపు దళం, హైదరాబాదు కంటింజెంటు నుంచి ఇంకో రెజిమెంటు. కొండల్లో విల్లంబులూ నాటు తుపాకులూ పట్టిన మనుషుల మీదికి ఇంత మంది! జ్వరాలతో పడిపోయినవాళ్ళు పడిపోగా, ఖజానాకు పడ్డ బొక్క మద్రాసు దొరలకు చాన్నాళ్ళు గుర్తుండిపోయింది.

నలభై మూడేళ్ళ తర్వాత అదే కొండల్లో అల్లూరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. తీసుకున్న వస్తువుల లెక్క స్టేషన్ పుస్తకంలో తానే రాసి సంతకం పెట్టాడు. కారణాలు పాతవే: అడవి చట్టాలు, పోడు, గూడెంలో రోడ్డు పనికి జనంతో గొడ్డుచాకిరీ చేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు పోయారు. ముందు నడిచిన మన కానిస్టేబుళ్ళని వదిలేసి, వెనకొచ్చిన దొరల మీదే గురి పెట్టారని మా ఊళ్ళో ఇప్పటికీ మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. వాళ్ళిద్దరి సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి.

ఈసారి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని పిలవలేదు. అంతకు ముందు ఏడాదే, మాప్పిళ్ళ తిరుగుబాటు వేళ, మలబార్ స్పెషల్ పోలీసును లేపి ఉంచుకుంది కదా, వాళ్ళని పంపింది. పేరు పోలీసు, చేతిలో సైనికుడి రైఫిలు. ఏడాదికి పైగా తిరిగినా అల్లూరి దొరకలేదు. 1924 నాటికి ఇక లాభం లేదని కొండలూ అడవులూ అలవాటున్నవాళ్ళని, ఈ అస్సాం రైఫిల్స్‌ని రప్పించారు. గూర్ఖాలు, అస్సాం కొండ తెగలవాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు, కోయ రాదు, కొండరెడ్లతో బంధుత్వం లేదు, జాలిపడే అవకాశమూ లేదు. పాలకుడికి అదో సౌకర్యం. మలబారు మనిషిని గోదావరి కొండల్లోకి, అస్సాం మనిషిని విశాఖ మన్యంలోకి తోలితే ఎవడూ ఎవడి ఇంటివాడూ కాడు.

రూథర్‌ఫర్డ్ అనే కలెక్టరుని ఆ ఏప్రిల్‌లో ప్రత్యేక కమిషనరుగా వేశారు. (ఈయనే తర్వాత బీహారు గవర్నరై, 1943 కరువు నడుస్తుండగా కొన్ని నెలలు బెంగాల్‌కూ తాత్కాలిక గవర్నరుగా పనిచేశాడు. కొందరి ఉద్యోగ చరిత్ర చూస్తే దేశం మొత్తం నొప్పి మ్యాపులా కనిపిస్తుంది.) మే 7న మంప దగ్గర అల్లూరి పట్టుబడ్డాడు. కొయ్యూరులో మేజర్ గుడాల్ శిబిరంలో చెట్టుకు కట్టి కాల్చేశారు. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం మాట.

కొయ్యూరు కథను ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ రాత్రి కోహిమాలో చెబుతుంటే మాత్రం ఒక విషయం తట్టింది. పోలీసు మనిషిని పట్టుకుంటే కోర్టుకు తీసుకెళ్ళాలి. సైనికుడు పట్టుకుంటే యుద్ధఖైదీగా చూడాలి. ఈ రెండు బాధ్యతల్లో ఏదీ మోయనక్కర్లేని మనిషి కావాలనే ఈ మిలిటరీ పోలీసు అనే జీవిని తయారు చేసుకున్నారు. చంపేటప్పుడు సిపాయి, లెక్క చెప్పేటప్పుడు కానిస్టేబులు. ఆంటీ ఏమీ అనలేదు. పొయ్యిలో ఒక కట్టె లోపలికి తోసింది.

మర్నాడు పొద్దున్నే యుద్ధ శ్మశానానికి వెళ్ళాను. ఊరి నడిబొడ్డున, ట్రాఫిక్ జామ్ పక్కనే ఉంది. మెట్లు మెట్లుగా కొండ వాలు మీదికి పోతుంది. 1,420 సమాధులు. రాయి పక్కన రాయి, మధ్యలో గులాబీలు. ఎవరో గడ్డి కోసి చిన్న కుప్పలు పెట్టారు, ఆ పచ్చి వాసన. వరస వెంబడి వరస నడుస్తూ వయసులు చదువుతుంటే మనకే తెలియకుండా కూడికలు మొదలవుతాయి. ఇరవై, పంతొమ్మిది, ఇరవై మూడు. కొన్ని రాళ్ళ మీద పేరు లేదు. అన్నిటికన్నా పైన దహన స్మారకం ఉంది. దహన సంస్కారం జరిగిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు అక్కడ చెక్కారు.

మధ్యలో ఒక మెట్టు మీద తెల్లటి సిమెంటు గీతలున్నాయి. టెన్నిస్ కోర్టు. డిప్యూటీ కమిషనరు చార్లెస్ పాసీ బంగళా పెరట్లో సాయంత్రం రాకెట్టు పట్టుకుని ఆడిన చోటు. 1944 ఏప్రిల్‌లో ఈ కోర్టుకు ఒక చివర జపాన్ సైనికులు గుంటలు తవ్వుకున్నారు, ఇంకో చివర బ్రిటిష్ ఇండియా సైనికులు. మధ్య దూరం బంతి విసిరితే చేరేంత. విసిరింది గ్రెనేడ్లు. నేను నడిచి కొలిచాను. బేస్‌లైను నుంచి బేస్‌లైనుకు నా అంగలు ముప్పై కూడా లేవు.

ముట్టడి ఏప్రిల్ 4న మొదలైంది. ఎదుట లెఫ్టినెంట్ జనరల్ సాటో నడిపిస్తున్న 31వ డివిజన్ మొత్తం. లోపల కల్నల్ హ్యూ రిచర్డ్స్ చేతికింద రెండున్నర వేల మంది ఉంటే, వాళ్ళలో వెయ్యి మంది వంటవాళ్ళూ గుమాస్తాలూ లాంటి పోట్లాటకు సంబంధం లేనివాళ్ళు. రాయల్ వెస్ట్ కెంట్ బెటాలియన్ గురించి ఇంగ్లీషు పుస్తకాలు చాలా రాశాయి. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం ఓటు పెడితే బ్రిటన్ చరిత్రలోకెల్లా గొప్ప యుద్ధంగా ఇంఫాల్–కోహిమానే గెలిచింది. ఆ వెస్ట్ కెంట్‌వాళ్ళ పక్కనే నిలబడ్డవాళ్ళలో అస్సాం రెజిమెంటు ఉంది. అది 1941లో షిల్లాంగులో పుట్టిన అసలు సిసలు సైన్యం. ఇంకొకరు మూడో అస్సాం రైఫిల్స్, అంటే కోహిమానే ఇల్లుగా చేసుకున్న పోలీసు బెటాలియన్. ఆసుపత్రి ఉన్న కొండ కొమ్ము వైపు వాళ్ళ కాపలా.

ఆ పోలీసులు శత్రువుని ఎదుర్కొన్నది ఆ ఏప్రిల్‌లోనే కాదు. 1942లో బర్మా నుంచి కాలినడకన లక్షల మంది పారిపోయి వస్తుంటే దారి చూపిందీ, తిండి పెట్టిందీ వాళ్ళే. ఆ కాందిశీకుల్లో రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ పనిచేసిన మన తెలుగువాళ్ళు, అక్కడ కోరంగీలని పిలిచేవాళ్ళు, ఎంతోమంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ముసలాళ్ళు ఉన్న ఇళ్ళలో "బర్మా నడక" గురించి వినని ఇల్లు తక్కువ. అదే ఏడాది వి ఫోర్స్ అని ఒక గూఢచారి దళం లేపారు, శత్రువు ముందుకొచ్చేస్తే అతని వెనకే ఉండిపోయి కబుర్లు పంపడానికి. దానికి వెన్నెముక అస్సాం రైఫిల్స్ ప్లటూన్లు. చుట్టూ నాగా, కుకీ స్కౌట్లు. ఉత్తర కచార్ కొండల్లో జెమీ నాగాలను కూడగట్టిన ఉర్సులా గ్రాహం బోవర్ అనే ఇంగ్లీషు యువతి కథ ఇక్కడివాళ్ళకి బాగా తెలుసు.

ముట్టడిలో నీళ్ళు పోయాయి. నీటి ట్యాంకులూ గొట్టాలూ జపాన్‌వాళ్ళ చేతికి చిక్కాయి. బంగళా వెనక ఒక ఊట కనిపించింది గానీ రాత్రిళ్ళే వెళ్ళాలి, అదీ పాకుతూ. విమానాల నుంచి టైరు ట్యూబుల్లో నీళ్ళు నింపి జారవిడిచారు. కొన్ని పారాచూట్లు గాలికి కొట్టుకుపోయి జపాన్‌వాళ్ళ గుంటల్లో పడ్డాయి. గాయపడ్డవాళ్ళని గుంటల్లో బారులుగా పడుకోబెట్టారు, మళ్ళీ అక్కడే గాయపడ్డారు. ఏప్రిల్ 18న పంజాబ్ రెజిమెంటువాళ్ళు చేరుకున్నారు, 20న బతికినవాళ్ళు కొండ దిగారు. పూర్తి యుద్ధం ఆ తర్వాత కూడా సాగి జూన్ 22న ఇంఫాల్ రోడ్డు తెరుచుకోవడంతో ముగిసింది. సాటోకు పైనుంచి బియ్యమూ రాలేదు, గుళ్ళూ రాలేదు. తన పైఅధికారి ముతగుచి మాట కాదని వెనక్కి తిరిగాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ జనరల్ అలా చేయడం మాటలు కాదు.

అరాదురా కొండ మీద పెద్ద కేథడ్రల్ ఉంది. దాని కట్టుబడికి జపాన్ నుంచి కూడా చందాలు వచ్చాయి, ఇక్కడ పోయిన తమవాళ్ళ కోసం. సాయంత్రం అక్కడ కూర్చుని ఎదురు కొండ చూస్తుంటే, చెప్పకపోతే తప్పు, కోహిమా సిపాయిల మీద నాకు కోపం రాలేదు. కొయ్యూరు సిపాయిల మీద వస్తున్న కోపం తగ్గనూ లేదు. ఒకణ్ణి చూస్తే ఇంకొకడు గుర్తొస్తున్నాడు. 1924లో మా కొండలకొచ్చిన కుర్రవాడు ఉద్యోగంలో కొనసాగి ఉంటే 1944కు సుబేదారై ఉంటాడు. ఇది ఊహే.

మూడో రోజు ఖొనోమా వెళ్ళాను, ఇరవై కిలోమీటర్ల దూరం. మెట్ల వరి పొలాలు, ఆల్డర్ చెట్లు, వేటను తామే నిషేధించుకున్న ఊరు. ఊరి పైన పాత కోటలో ఒక స్మారక స్తంభం ఉంది, ఈ ఊరితో పోట్లాడి పోయిన ఇంగ్లీషు అధికారుల కోసం. 1879 అక్టోబరు 14న డిప్యూటీ కమిషనరు డామంట్ పోలీసుల్ని వెంటేసుకుని ఖొనోమా గవిని దగ్గరికి వచ్చాడు. అక్కడే కాల్చి చంపారు. ఆంగామీలు నేరుగా కోహిమా మీదికి వెళ్ళి అక్కడి దడి కోటను చుట్టుముట్టారు. లోపల పోలీసు సూపరింటెండెంటు, కొద్దిమంది సరిహద్దు పోలీసులు, దొరసానులు, పిల్లలు. దాదాపు రెండు వారాలకు మణిపూర్ నుంచి జాన్‌స్టన్ దొర మణిపురీ సైన్యంతో వచ్చి విడిపించాడు.

అంటే 1944 ముట్టడి రెండోది. మొదటిదానిలో లోపల ఉన్నది ఈ పోలీసు తాతలు, బయట ఉన్నది ఈ ఊరివాళ్ళు. 1879. తమ్మన్నదొర కూడా ఆ ఏడాదే అడవుల్లో తిరుగుతున్నాడు. ఒకే సంవత్సరంలో, ఒకరి పేరు ఒకరికి తెలియని రెండు కొండ ప్రజలు, ఒకే ఏలుబడి మీద తిరగబడ్డారు. మాకు పోడు, వాళ్ళకి పన్నూ వెట్టీ. స్తంభం పక్కన గడ్డిలో ఇద్దరు పిల్లలు రబ్బరు చెప్పులతో క్రికెట్ వికెట్లు చేసుకున్నారు. స్తంభం వైపు బంతి పోతే ఫోర్.

ఖొనోమా పెద్దాయన ఒకరు నా నడకలో కలిశారు. నేను అస్సాం రైఫిల్స్ గురించి అడుగుతున్నానని తెలిసి, ఆ దళంలో నాగా కుర్రాళ్ళూ ఉన్నారు, కుకీలూ ఉన్నారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటికే ఉన్నారు అని గుర్తు చేశారు. ఆ యుద్ధంలో ఈ మిలిటరీ పోలీసు నుంచి మూడు వేల మందికి పైగా గూర్ఖా రెజిమెంట్లకు వెళ్ళారు. ఐరోపాలోనూ మధ్యప్రాచ్యంలోనూ పోరాడారు. దానికి బహుమానంగానే 1917లో పోలీసు అన్న మాట తీసేసి రైఫిల్స్ అన్నారు. అదే ఏడాది రెండు వేల మంది నాగాలు లేబర్ కోర్‌లో చేరి ఫ్రాన్సుకు వెళ్ళి గుంటలు తవ్వారు, రోడ్లు వేశారు. కుకీలు మేం రామన్నారు. తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు 1919 దాకా సాగింది. దాన్ని అణచింది బర్మా మిలిటరీ పోలీసూ, కొత్త పేరు పెట్టుకున్న అస్సాం రైఫిల్సూ. "పేరు మార్చి ఏడాది కాలేదు, ఇంటికొచ్చి మొదటి పని ఇదే," అన్నారాయన. స్వరంలో కోపం లేదు. పాత అప్పు లెక్క చెబుతున్నట్టు ఉంది.

నాలుగో రోజు ఇంఫాల్ మీదుగా తిరుగు ప్రయాణం. కాంగ్లా కోట చూశాను. మణిపూర్ రాజుల కోట అది, 1891 యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ చేతికి వెళ్ళింది, స్వాతంత్ర్యం వచ్చాక అస్సాం రైఫిల్స్ చేతిలో ఉండిపోయింది. 2004లో మనోరమ అనే యువతిని అస్సాం రైఫిల్స్ పట్టుకెళ్ళాక ఆమె శవమై దొరికింది. పన్నెండు మంది తల్లులు ఈ గేటు ముందే వివస్త్రలై నిలబడ్డారు. ఆ నవంబరులో కోటను ఖాళీ చేశారు. ఇరోమ్ షర్మిల నిరాహార దీక్ష అంతకు నాలుగేళ్ళ ముందే, మాలోం బస్టాపు దగ్గర అస్సాం రైఫిల్స్ కాల్పుల్లో పది మంది పోయాక మొదలై, 2016 దాకా సాగింది. వాళ్ళ ప్రశ్న మా మాస్టారికి తట్టనిదే గానీ కొయ్యూరు ప్రశ్నే: ఈ తుపాకీ ఎవరిది, ఎవరికి జవాబు చెప్పాలి? గేటు దగ్గర నిలబడితే ఇప్పుడు టికెట్ కౌంటరు, చెరువులో పడవలు, పెళ్ళి ఫోటోలకొచ్చిన జంటలు.

ఒక్క మాట. మా మన్యానికి కూడా తర్వాత వేరే దళాలు వచ్చాయి. 1989లో ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్‌ను లేపింది, అదీ పోలీసే. కొండల్లో పోలీసుకూ సిపాయికీ మధ్య గీత ఎప్పుడూ సన్నగానే ఉంది. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర శిక్ష పడి అండమాన్ వెళ్ళొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పార్లమెంటులో ఆయన్ని చూసి ఆ హోంశాఖ గుమాస్తాలు ఏమనుకున్నారో.

ఇంఫాల్ ఎయిర్‌పోర్టులో కూర్చుని మావయ్యకు ఫోను చేశాను. నా ప్రయాణం అంతా చెప్పాను. టెన్నిస్ కోర్టు, ఇత్తడి కుండీ, ఖొనోమా స్తంభం. ఆయన "ఊ" కొడుతూ విన్నాడు. అల్లూరి కోసం అస్సాం నుంచి వచ్చినవాళ్ళ సంగతి మళ్ళీ అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఎన్నాళ్ళున్నారు, ఎక్కడ దిగారు, గుడారాల్లోనా ఊళ్ళల్లోనా.

"చింతపల్లిలో నాకు మూడుసార్లు మలేరియా వచ్చిందిరా," అన్నాడు. "మూడోసారి నర్సీపట్నం ఆసుపత్రిలో పదకొండు రోజులు. వాళ్ళకైనా దోమతెరలు ఇచ్చారా?"